ఉద్దానంలో ముప్పై లెక్కలు

"7ను 2025 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్యలో చివరి రెండంకెలు ఏవి?"

నల్లబల్ల మీద ఇంతే రాసి, లెక్కల మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టేసి కిటికీ దగ్గరికెళ్లి నుంచున్నారు. ఒంటిపూట బడి అయిపోయింది. మధ్యాహ్న భోజనం చేసి, కంచాలు కడుక్కుని మిగతా పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు. తొమ్మిదో తరగతి గదిలో పన్నెండు మందే మిగిలారు. పలాస దాటి ఉద్దానంలోకి వెళ్తే జీడితోటల మధ్య వచ్చే ఊరు అది. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలు ఆన్‌లైన్లో ఒక అంతర్జాతీయ లెక్కల పోటీ రాస్తారని విని చూడ్డానికి వెళ్లాను. పోటీ మర్నాడు. ఇది సాధన.

పిల్లలు మామూలుగానే మొదలుపెట్టారు. 7, 49, 343, 2401. నాలుగో మెట్టు దగ్గర ఒకమ్మాయి తలెత్తింది. "01 వచ్చేసింది మాస్టారూ. ఇంక మళ్లీ 07 నుంచే." 2025ని నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి. జవాబు 07. అయిపోయిందనుకుంటుండగా వెనక బల్ల నుంచి ఒక కుర్రాడు, "మూడుకైనా ఇలాగే వస్తాదా?" అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు. పిల్లలు వంతులేసుకుని గుణించారు. ఇరవయ్యో ఘాతం దగ్గర 01 వచ్చింది. "మరి రెండుకి?" అన్నాడు అదే కుర్రాడు.

అసలు కథ ఇక్కడ మొదలైంది. 02, 04, 08, 16, 32, 64, 28, 56... సరి సంఖ్యలే వస్తుంటే 01 ఎక్కడిదని ఇద్దరు ముగ్గురు వెంటనే అన్నారు. కనీసం 02 అయినా తిరిగి వస్తుందిగదా అని మిగతావాళ్లు గుణిస్తూ పోయారు. 76, 52, ఆ తర్వాత 04. ఇరవై రెండో ఘాతం దగ్గర వలయం మళ్లీ మొదలైంది. కానీ 02 దగ్గర కాదు, 04 దగ్గర. ఎవరో తప్పు చేశారని మళ్లీ మొదటినుంచి చేశారు. మళ్లీ అదే వచ్చింది. గదిలో గొడవ మొదలైంది. ఇందాక 01 పట్టుకున్న అమ్మాయి కాసేపు నోట్సు వంకే చూసి, నెమ్మదిగా చెప్పింది: "రెండోదాన్నుంచీ అన్నీ నాలుగో ఎక్కంలోవే కదా. వంద కూడా నాలుగో ఎక్కంలోదే. వందలు తీసేసినా మిగిలేది నాలుగో ఎక్కంలోనే ఉండాలి. మరి 02 ఎలా వస్తాది?"

అది సాక్షాత్తూ నిరూపణ. ఏ పుస్తకమూ చూడకుండా, ఎవరూ అడగకుండా, తొమ్మిదో తరగతి పిల్ల నోటి వెంట వచ్చిన నిరూపణ. మాస్టారు అప్పుడు కిటికీ వదిలి వచ్చి, "తను చెప్పింది చెప్పినట్టు రాసుకోండి" అన్నారు. బోర్డు మీద ఆయన మరొక్క అక్షరం రాయలేదు.

నేను చూడ్డానికి వచ్చింది పోటీ. కానీ ఆ అరగంటే నాకు ముఖ్యమైపోయింది. మన బడుల్లో లెక్క అంటే పాఠంలో చూపించిన పద్ధతిని అభ్యాసంలో మళ్లీ చేయడం. ఎలా చేయాలో ముందుగా ఎవరూ చెప్పని లెక్క ముందు పిల్లల్ని కూర్చోబెట్టడం దాదాపు లేదు. ఇలాంటి పోటీ ఆ ఖాళీని కొంత పూడుస్తుంది. దాని విలువ పతకంలో కంటే, అది పుట్టించే ఇలాంటి మధ్యాహ్నాల్లోనే ఎక్కువ ఉంది.

వీళ్లు రాస్తున్న పోటీ పేరు పర్పుల్ కామెట్ మ్యాథ్ మీట్. రొమేనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన టీటూ ఆండ్రెస్కూ, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జోనథన్ కేన్ కలిసి 2003లో మొదలుపెట్టారు. 1994లో హాంకాంగ్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో అమెరికా పిల్లలు ఆరుగురూ పూర్తి మార్కులు తెచ్చుకున్నప్పుడు ఆ జట్టుకు శిక్షకుల్లో ఒకరు ఈ ఆండ్రెస్కూ. అంతటి శిఖరాన్ని చూసినవాడు పెట్టిన పోటీలో ప్రవేశ రుసుము లేదు, వడపోత లేదు. ప్రపంచంలో ఏ బడైనా రాయొచ్చు. బాధ్యత తీసుకునే పెద్దమనిషి ఒకరుండాలి, ఇంటర్నెట్ ఉండాలి. ఏప్రిల్‌లో పది రోజుల వ్యవధిలో తమకు వీలైన రోజు, వీలైన గంట ఎంచుకోవచ్చు. హైస్కూలు స్థాయికి 90 నిమిషాల్లో 30 లెక్కలు, ఎనిమిదో తరగతి వరకు చదివేవాళ్లకు 60 నిమిషాల్లో 20.

అన్నింటికంటే నాకు నచ్చింది, ఇది జట్టుగా రాసే పోటీ కావడం. ఆరుగురి వరకు కలిసి కూర్చుని, మాట్లాడుకుంటూ చేయొచ్చు. ఇలాంటి బడికి ఇది అక్షరాలా సరిపోయింది. పిల్లకో కంప్యూటరు కావాలంటే ఈ ఊళ్లో పోటీయే లేదు. ఆరుగురికి ఒక తెర అంటే మాత్రం ఉంది.

మన దగ్గర ఒలింపియాడ్ అనే మాట వేరే దారి పట్టిందని ఇక్కడ చెప్పక తప్పదు. ఏ పట్నంలో చూసినా ప్రైవేటు బడి బోర్డు మీద ఆ మాట ఉంటుంది. ఆరో తరగతి నుంచే ప్రత్యేక సెక్షను, ప్రత్యేక ఫీజు. లోపల జరిగేది చాలాచోట్ల బిట్లు చేయించడం, నాలుగు జవాబుల్లో మూడింటిని కొట్టేసే నేర్పు నేర్పించడం. అసలు ఒలింపియాడ్‌కి దీంతో పోలిక లేదు. 1959లో రొమేనియాలో మొదలైన ఆ పోటీకి భారత్ 1989 నుంచి జట్టును పంపుతోంది. ఆ జట్టులోకి దారి ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఆధ్వర్యంలోని మెట్ల మీదుగా వెళుతుంది. మొదటి మెట్టు ఐఓక్యూఎం, మూడు గంటలు, 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు సంఖ్య. చక్కటి పరీక్ష అది. కానీ ఫీజు కట్టి, పట్నంలోని కేంద్రానికి వెళ్లి, ఎవరికి వారు ఒంటరిగా రాయాలి. ఉద్దానం పిల్లకు అది రెండో అడుగు కాగలదు. తొలి అడుగు ఊళ్లోనే పడాలి.

మర్నాడు పోటీకి జట్టులోని ఆరుగురూ వచ్చారు. ఒక కుర్రాడు మాత్రం ఆఖరి నిమిషానికి పరుగెత్తుకొచ్చాడు. జీడిపిక్కలు ఏరే రోజులు, ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు. గోడకున్న పెద్ద డిజిటల్ ప్యానెల్ మీద ప్రశ్నలు, దాని పక్కన ల్యాప్‌టాప్‌లో జవాబులు. మాస్టారు లాగిన్ చేసి, గడియారం మొదలవగానే గది మూలకు వెళ్లిపోయారు. పర్యవేక్షకుడు ఒక్క మాట కూడా సాయం చేయకూడదు.

పని వాళ్లే పంచుకున్నారు. ఇంగ్లిష్ బాగా చదివే అమ్మాయి ప్రశ్న పైకి చదివి తెలుగులో చెప్పింది. ఇద్దరు జ్యామితి తీసుకున్నారు, నేల మీద సుద్దతో త్రిభుజాలు గీశారు. నిన్న రెండు సంగతి అడిగిన కుర్రాడు సంఖ్యల లెక్కలన్నీ నావే అన్నాడు. ఒకడి పని తప్పులు పట్టడమే. నేను చూస్తుండగా ఆ చివరివాడు ఒక జవాబు కాపాడాడు. ఈ పోటీలో జవాబులన్నీ పూర్ణసంఖ్యలే. జవాబు భిన్నమైతే, కొట్టివేతలన్నీ అయ్యాక లవాన్నీ హారాన్నీ కలిపి ఆ మొత్తం రాయమంటారు. సంభావ్యత లెక్కలో 10/24 వచ్చిందని ఒకమ్మాయి 34 టైపు చేయబోయింది. "ఉండవే, కొట్టివేత అవలేదు, 5/12 అది" అని వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. 17 పడింది. నాలుగు ఐచ్ఛికాలు కింద ఉండి ఉంటే ఆ సంభాషణకు చోటే ఉండేది కాదు.

నలభై నిమిషాలు గడిచాయో లేదో కరెంటు పోయింది. ప్యానెల్ ఆరిపోయింది. గడియారం మాత్రం ఆగదు. మాస్టారు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టారు. అంతవరకు గోడంత తెర చూస్తున్న ఆరుగురూ పదిహేనంగుళాల తెర చుట్టూ చేరారు. ఇద్దరికి కనిపించక బల్ల మీదికెక్కి కూర్చున్నారు. కరెంటు తిరిగొచ్చేలోపు ఎంత సమయం పోయిందో వాళ్లకు పట్టలేదు. నాకు మాత్రం పట్టింది. ఇన్వర్టర్ లేని బడి, ఉన్న బడి ఒకే గడియారం కింద పోటీ పడుతున్నాయి. ఆన్‌లైన్ పోటీ దూరాన్ని చెరిపేస్తుందన్న మాట నిజమే. కానీ ఆ మాట కరెంటు ఉన్నంతసేపే నిజం.

రెండో అడ్డు భాష. ఈ పోటీ ప్రశ్నపత్రం చాలా భాషల్లోకి అనువాదమవుతుంది. ఆ రోజు పిల్లల ముందున్నది ఇంగ్లిష్ పేపరు. ఇక్కడ కొన్ని ఇళ్లలో ఒడియా, బడిలో తెలుగు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉండటం కొంత మేలు చేసింది, గణిత పదాలకు తడుముకోలేదు. కానీ నాలుగు వాక్యాల కథ చెప్పి చివర్లో ప్రశ్న అడిగే లెక్కల దగ్గర, లెక్క కంటే చదవడానికే ఎక్కువ సేపు పట్టింది. పావులూరి మల్లన మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి శతాబ్దాలు గడిచాయి. ఏడాదికొకసారి ముప్పై లెక్కల్ని తెలుగులో పెట్టడం రెండు రాష్ట్రాల లెక్కల టీచర్లకు ఒక లెక్కలోది కాదు. ఎవరైనా పూనుకోవాలి.

గంటన్నర అయ్యేసరికి పదకొండు జవాబులు పడ్డాయి. మిగతా పంతొమ్మిది ఖాళీ. పిల్లల ముఖాల్లో నీరసం లేదు, కోపం ఉంది. పన్నెండో లెక్క దగ్గర తాము సరైన దారిలోనే ఉన్నామని జ్యామితి ఇద్దరికీ గట్టి నమ్మకం. బడి గేటు దాకా అదే వాదన.

గేటు దగ్గర ఒకమ్మాయి తల్లి నిలబడి ఉంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పని ఆమెది. "ఇది రాస్తే ఏటొస్తాది బాబూ?" అని నన్నడిగింది. సీటు రాదు, డబ్బు రాదు అని ఉన్నమాటే చెప్పాను. మీ అమ్మాయి నిన్న ఒక లెక్కకి కారణం కనిపెట్టింది, అది మాస్టారు పిల్లలందరిచేతా రాయించారు అని కూడా చెప్పాను. ఆమె కూతురి వంక తిరిగి, "ఏటే, నిజమేనా?" అంది. ఆ పిల్ల రెండు సంగతి దారి పొడుగునా తల్లికి చెబుతూ వెళ్లింది.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఫీల్డ్స్ పతకం అందుకున్న తొలి మహిళ మరియం మిర్జాఖానీ టెహ్రాన్‌లో హైస్కూల్లో ఉన్నప్పుడు, మగపిల్లల బడిలో నడిచే ఒలింపియాడ్ తరగతులు మాకూ కావాలని స్నేహితురాలితో కలిసి ప్రిన్సిపాల్‌ని అడిగింది. ఆ ప్రిన్సిపాల్ కాదనలేదు. 1994లో, 1995లో మిర్జాఖానీ అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు తెచ్చుకుంది. ఆవిడ ప్రతిభ ఆవిడదే, కానీ ఆ రోజు సరే అన్న ప్రిన్సిపాల్ కూడా ఆ కథలో ఉంది. ఈ ఊరి జట్టులో ఆరుగురిలో నలుగురు ఆడపిల్లలు. ఒంటిపూట బడి తర్వాత రెండు గంటలు ఆగనివ్వాలని మాస్టారు ఇల్లిల్లూ తిరిగి అడిగితేగానీ ఇది జరగలేదు.

ఇదంతా ఒక్క మనిషి ఓపిక మీద నడుస్తోంది. అదే నాకు మింగుడుపడని సంగతి. బ్రెజిల్‌లో ప్రభుత్వ బడుల కోసమని మొదలుపెట్టిన గణిత ఒలింపియాడ్ 2005 నుంచి నడుస్తోంది. నడిపేది రియోలోని ఐఎంపీఏ అనే జాతీయ గణిత సంస్థ. ఏటా కోటీ ఎనభై లక్షల మందికి పైగా పిల్లలు రాస్తారు. పరీక్ష కాగితం మీదే. పాత ప్రశ్నలు, వీడియో పాఠాలు మాత్రం ఆన్‌లైన్లో అందరికీ ఉచితం. పతకం వచ్చిన ప్రభుత్వ బడి పిల్లలకు ఏడాది పాటు నెలనెలా ఉపకార వేతనమిచ్చి పై తరగతుల గణితం చెబుతారు, దగ్గర్లో కేంద్రం లేనివాళ్లకు ఆన్‌లైన్లో. మనలాగే పెద్ద దేశం, మనలాగే దూరాలు, తేడాలు ఉన్న దేశం. అక్కడ అది ప్రభుత్వ పని. ఇక్కడ మాస్టారి సొంత హాట్‌స్పాట్. ప్యానెల్ గోడ మీదికి చేర్చిన ప్రభుత్వం, దాని ముందు నిలబడే టీచరుకు వారానికి రెండు పీరియడ్లు ఇందుకోసం కేటాయించలేదా?

ఈ ప్రశ్న మాస్టారిని అడిగితే నవ్వి, తాను చేయబోయేది చెప్పారు. జూన్‌లో బడి తెరిచాక ఎనిమిదో తరగతితో మొదలుపెడతారట, వాళ్లకు 20 లెక్కల పోటీ సరిపోతుంది కాబట్టి. పక్క మండలం నుంచి ఇద్దరు టీచర్లు వస్తామన్నారు, శనివారాలు మూడు బడుల పిల్లలూ కలిసి కూర్చుంటారు. ఇన్వర్టర్ బ్యాటరీ కోసం పూర్వ విద్యార్థుల్ని అడుగుతున్నారు. పోటీ వ్యవధి పది రోజులూ ముగిసేదాకా ఆ ముప్పై లెక్కల గురించి బయట మాట్లాడకూడదు కాబట్టి, పన్నెండో లెక్క సంగతి అంతవరకు తేల్చేది లేదని పిల్లలకు గట్టిగా చెప్పారు. పదకొండో రోజు సెలవైనా సరే గది తాళం తీస్తానని మాటిచ్చాకే వాళ్లు ఇళ్లకు కదిలారు.