ఏ ఆకు పండిందో ముందు చూడండి

హైదరాబాదులో ఇళ్లకీ ఆఫీసులకీ కుండీ మొక్కలు ఇవ్వడం, తర్వాత నెలనెలా వెళ్లి వాటి బాగోగులు చూసుకోవడం నా పని. పని నేర్చుకున్నది కడియం నర్సరీల్లో. అక్కడ గ్రీన్‌నెట్ నీడలో, గోదావరి గాలి తేమలో పెరిగిన మొక్క ఒక్కసారిగా పన్నెండో అంతస్తులో ఏసీ కిందికి వచ్చి పడితే ఒకటి రెండు ఆకులు రాల్చకుండా ఉండదు. కొత్త చోటికి అలవాటు పడేదాకా అది మామూలే. కానీ ఆ రెండాకులు చూసి కంగారుపడి చేసే వైద్యం వల్ల చచ్చిన మొక్కలే నేను ఎక్కువ చూశాను.

నాకొచ్చే వాట్సాప్ కబుర్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక పసుపు ఆకు ఫొటో, కింద ‘ఏం మందు కొట్టాలి?’ అని ప్రశ్న. మొక్క మొత్తం కనిపించేలా ఇంకో ఫొటో పంపమంటాను. కుండీ అడుగున చిల్లు ఉందా అని అడుగుతాను. నీళ్లు ఎక్కువైనా ఆకు పసుపే, తక్కువైనా పసుపే, ఎరువు చాలకపోయినా పసుపే. రంగు ఒక్కటీ చూసి ఏమీ చెప్పలేం. ఏ ఆకు పండిందన్నదే అసలు సంగతి.

నత్రజని, మెగ్నీషియం, పొటాష్ మొక్క ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతాయి. కొరత వచ్చినప్పుడు మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగురుకి పంపుతుంది. కాబట్టి కొరత ముందు కింది ఆకుల్లో కనబడుతుంది. ఆకంతా సమంగా పాలిపోతే నత్రజని, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే మెగ్నీషియం అనుకోవచ్చు. ఇనుము అలా కదలదు. అందుకే ముదురాకులు నిగనిగలాడుతూ చిగురు మాత్రం ఈనెలు తేలి తెల్లబోతుంది. బోరు నీళ్లు పోసే ఇళ్లలో కరివేపాకు కుండీకి ఇది తరచుగా వస్తుంది. మట్టిలో ఇనుము లేక కాదు, ఆ నీటి క్షారానికి మట్టి మారిపోయి వేరు దాన్ని అందుకోలేకపోతుంది. ఇక మనీప్లాంటు అడుగున నెలకో ఆకు పండి రాలుతూ, కొసన కొత్త ఆకు విచ్చుకుంటూ ఉంటే అది జబ్బే కాదు. ఆ ఆకుకి వయసైపోయిందంతే.

ఒకసారి కొండాపూర్‌లో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. పీస్ లిల్లీ ఆకులన్నీ కుండీ అంచు మీదికి వాలిపోయి ఉన్నాయి. ‘రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను నాయనా, అయినా వాడిపోతోంది’ అన్నారావిడ. ‘వేలు పెట్టి చూశారా అమ్మా?’ అని అడిగి, నేనే గుచ్చి చూశాను. పైన తడి, లోపల బురద. అందమైన పింగాణీ కుండీ, అడుగున చిల్లు లేదు. మొక్కని మట్టిగడ్డతో సహా పైకి తీయగానే మురుగు వాసన కొట్టింది. బతికున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. అక్కడ ఒక గోధుమరంగు వేరు పట్టుకుని మెల్లగా లాగితే పైతోలు నా వేళ్లకి ఊడొచ్చింది, లోపలి నరం దారంలా మిగిలింది. వేరుకి ఊపిరాడాలి. మట్టిలో గాలి సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు. నీళ్లలో మునిగి ఉన్న మొక్కే దాహంతో వాడుతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తాం.

కుళ్లిన వేళ్లన్నీ కత్తిరించి, చిల్లులున్న చిన్న కుండీలోకి మార్చాను. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు, రెండు గుప్పెళ్ల దొడ్డు ఇసుక. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు ఊసెత్తవద్దని చెప్పాను. పింగాణీ కుండీ ఆవిడకి ఇష్టం కాబట్టి ఈ ప్లాస్టిక్ కుండీని దాని లోపలే దించి, నీళ్లు పోసినప్పుడల్లా బయటికి తీసి వార్చమన్నాను. మొక్క నిలబడింది.

నీళ్లు ఎన్ని రోజులకోసారి పొయ్యాలని అందరూ అడుగుతారు. వారాల లెక్క నేను చెప్పను. వేలు రెండు కణుపులు దిగేదాకా గుచ్చండి, పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయండి, తడి తగిలితే ఆగండి. స్నేక్ ప్లాంటు, జీజీ ప్లాంటులకైతే కుండీ పూర్తిగా ఎండాకే.

ఆకు కొస ఎండటం వేరే కథ. కొస గోధుమరంగుకి తిరిగి, మిగతా ఆకు పచ్చగానే ఉంటే నేను ముందు కుండీ అంచు చూస్తాను. అక్కడ తెల్లటి పొర కట్టి ఉంటే అది ఉప్పు. ఈమధ్య చాలా ఇళ్లలో వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్లని బకెట్‌లో పట్టి మొక్కలకి పోస్తున్నారు. నీళ్లు వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే. కానీ మనం తాగే నీళ్లలోంచి తీసేసిన లవణమంతా ఆ బకెట్‌లోనే ఉంటుంది. వాటితో ఇల్లు తుడుచుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, అవి మొక్కలకి పోయండి. స్పైడర్ ప్లాంటు, డ్రసీనా ఫ్లోరైడుని కూడా తట్టుకోలేవు. కుళాయి నీళ్లు రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, ఫ్లోరైడు పోదు. వాటికి వాననీళ్లు, ఏసీ నీళ్లే మేలు. ఉప్పు పట్టిన కుండీలో మంచినీళ్లు ధారగా పోసి అడుగు నుంచి పారనిస్తే చాలా మట్టుకు కడుక్కుపోతుంది.

పురుగు సంగతికొస్తే, ఎండాకాలంలో ఇళ్లలో నాకు ఎక్కువగా కనబడేది ఎర్రనల్లి. పొడి గాలి దానికి పండగ. ఆకు మీద సూదితో పొడిచినట్టు లేత చుక్కలు, రానురాను ఆకంతా బూడిదరంగు. ఆకు కింద తెల్లకాగితం పట్టుకుని రెండుసార్లు తట్టండి. కాగితం మీద పడిన నలుసులు కాసేపటికి నడవడం మొదలుపెడితే అది నల్లే. దానికి ఎనిమిది కాళ్లు, అసలు పురుగు జాతే కాదు. అందుకే పురుగులకి కొట్టే చాలా మందులు దానిమీద పనిచేయవు. మొక్కని బాత్రూములోకి తీసుకెళ్లి హ్యాండ్ షవరుతో ఆకుల అడుగుభాగం బాగా కడగండి. సాయంత్రం పూట లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లండి. నాలుగైదు రోజులకోసారి మూడు నాలుగు విడతలు చేయాలి, ఎందుకంటే మిగిలిన గుడ్ల నుంచి మళ్లీ పిల్లలు వస్తాయి. ఒక్కసారి చల్లి తగ్గలేదనేవాళ్లే ఎక్కువ. పిండినల్లి అయితే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడవండి.

ఇవేవీ రాకుండా ఉండాలంటే నేను నమ్మేది తడిగుడ్డ. వారానికోసారి ఆకుకి రెండువైపులా తుడిస్తే వంటింటి పోపు జిడ్డు, దుమ్ము పోతాయి, వచ్చిన పురుగు మొదట్లోనే కంటపడుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె, పాలు రాయకండి, ఆకు ఊపిరి పీల్చుకునే రంధ్రాలు మూసుకుపోతాయి. కొత్త మొక్క తెచ్చినప్పుడు రెండు వారాలు వేరే గదిలో ఉంచి, తర్వాతే పాతవాటి పక్కన పెట్టండి.

చివరిగా ఒక్క మాట, చేతులు జోడించి అడుగుతున్నాను. పొలాల కోసం అమ్మే పురుగుమందులు తెచ్చి హాల్లో తలుపులు మూసుకుని కొట్టకండి. ఆ సీసా మీది హెచ్చరికలు ఆరుబయట కొట్టే రైతుకే అంత గట్టిగా రాశారు. మొక్క పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. పసిపిల్లలు పాకే ఇంట్లో ఆ మూత తీయకండి.