నల్లటి మొహం.. ఎర్రటి బొట్టు

హైదరాబాద్ జేబీఎస్‌లో సిద్దిపేట బస్సెక్కితే దారిలో ప్రజ్ఞాపూర్ వస్తుంది. దర్శకుడు బి.నర్సింగరావు పుట్టిన ఊరు. ఆయన 1988లో తీసిన ‘దాసి’కి కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్న చిత్రకారుడే తోట వైకుంఠం. పేరు తెలియకపోయినా ఆయన బొమ్మలు మీరు చూసే ఉంటారు. నల్లటి ఆడమనిషి, నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కుపుడక, భగ్గుమనే ఎర్రచీర.

‘ఇంత రంగు అవసరమా?’ అని మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు. దానికి సమాధానం సిద్దిపేట జిల్లాలోనే దొరుకుతుంది.

ముందు ఊళ్లోనే చూద్దాం. 1925లో ఇక్కడే పుట్టిన కాపు రాజయ్య డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ బోనాలు, బతుకమ్మ, పొలం పనులు బొమ్మలుగా వేశారు. 1963లో సిద్దిపేటలో లలిత కళా సమితి పెట్టారు. పెయింటింగ్ అంటే రాజులూ దేవతలే కాదు, మన వాడకట్టు మనుషులు కూడా అని చూపించిన పెద్దమనిషి. ఆయన గీతలో నకాషీ బొమ్మల ఛాయ కనిపిస్తుంది.

ఆ నకాషీల ఊరే చేర్యాల, ఇదే జిల్లా. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూతలు పూస్తారు. ఆరాక బొమ్మలు గీసి, వెనకంతా ఎరుపు నింపుతారు. పటం చుట్ట విప్పుకుంటూ ఊరూరా కులపురాణాలు చెప్పేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పింది ఇలాంటి పటాలతోనే. రాత్రిపూట దీపం వెలుగులో, దూరంగా కూర్చున్నోళ్లకు కూడా కనబడాలంటే రంగు గట్టిగానే ఉండాలి మరి!

అయితే ఆ పటాల్లో ఒంటిరంగుకూ ఓ లెక్క ఉంది. మామూలుగా దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్న వైకుంఠం ఆ ఎరుపునూ పసుపునూ అలాగే ఉంచారు. కానీ ముదురు రంగును తెచ్చి మన అమ్మలకు, అత్తలకు ఇచ్చారు. రాక్షసుడి రంగు హీరోయిన్‌ది అయింది. నా దృష్టిలో ఎర్రచీర కన్నా ఇదే అసలు ధైర్యం.

ఎందుకంటే మా అక్క పెళ్లిచూపుల ఫోటోను స్టూడియోవాళ్లు అడక్కుండానే రెండు షేడ్లు తెల్లగా చేశారు. ఇంట్లో అందరూ బాగుందన్నారు. అక్క మాత్రం ‘ఇదెవరు?’ అంది. ఇవాళ ఫోన్లోని బ్యూటీ మోడ్ కూడా అదే పని చేస్తోంది. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా ఒకటి చెప్తా: డీఫాల్ట్ అనేది ప్రకృతి నియమం కాదు. ఎవరో మనిషి పెట్టిన వాల్యూ. ఇంకో మనిషి మార్చొచ్చు. వైకుంఠం కుంచెతో మార్చారు.

ఈసారి వీకెండ్‌కి చేర్యాల వెళ్లండి. చింతగింజల ముద్దతో చేసిన చిన్న మాస్క్ ఒకటి కొనుక్కోండి. పటం ముందు సెల్ఫీ దిగేటప్పుడు బ్యూటీ మోడ్ ఆపేయండి. వెనక అంత ఎరుపు ఉండగా మన రంగు ఎంత బాగుంటుందో మీకే తెలుస్తుంది.