శీర్షిక చదివి మందు మానకండి!

ఆరోగ్య వ్యాసాన్ని మీరు ఎలా చదువుతారు? ముందు శీర్షిక చూస్తారు. బాగుందనిపిస్తే నాలుగు వాక్యాలు చదువుతారు. ఈలోగా పొయ్యిమీద పాలు పొంగుతాయి, లేదా ఎక్కవలసిన బస్సు వస్తుంది. మిగిలింది తర్వాత చూద్దామనుకుంటారు. ఆ తర్వాత అనేది రాదు. ఫోనులో చదివేవారి సంగతి మరీనూ! కనుక చాలామందికి శీర్షికే వ్యాసం.

మా ఆస్పత్రికి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. అయిదేళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతోంది. విపరీతమైన దాహం, నీరసం. రక్తపరీక్ష చేయిస్తే షుగరు 400 దాటింది.

"మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగాను.

"మానేసి నెలయిందండీ. కాకరరసంతో షుగరు మాయం అని రాశారుగా!" అంది.

ఆ వ్యాసాన్ని ఫోనులో చూపించింది. నేను చివరిదాకా చదివాను. ఆఖరి వాక్యం ఏమిటో తెలుసా? డాక్టరు ఇచ్చిన మందులు మానరాదని! అసలు చెప్పవలసిన మాటను ఎవరూ చూడని మూలకు తోశారన్నమాట.

మధుమేహాన్ని నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954లో వచ్చిన చట్టం నిషేధించింది. క్యాన్సరు, మూర్ఛ, రక్తపోటు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. మందు అమ్మేవాడు చేయకూడని వాగ్దానాన్ని వ్యాసం రాసేవారు శీర్షికలో చేయవచ్చునా?

లేనిపోని ఆశ పెట్టడం ఎంత తప్పో, లేనిపోని భయం పెట్టడమూ అంతే తప్పు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, సాసేజి, బేకన్ వంటి నిలవచేసిన మాంసాన్ని పొగాకు ఉన్న జాబితాలోనే చేర్చింది. వెంటనే మాంసమూ సిగరెట్టూ ఒకటేనన్న ధోరణిలో శీర్షికలు వచ్చాయి. కాని ఆ జాబితా చెప్పేది ఆధారం ఎంత గట్టిదో. ప్రమాదం ఎంత పెద్దదో కాదు. అటువంటి మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సరు ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. అంటే, తినని నూరుమందిలో అయిదుగురికి వచ్చేదనుకుంటే, తినే నూరుమందిలో ఆరుగురికి వస్తుంది. ఆదివారం కోడికూర వండుకునేవారిని బెదరగొట్టవలసిన వార్త కాదది.

మరి మంచి శీర్షిక ఎలా ఉండాలి? పక్షవాతాన్నే తీసుకోండి. "పక్షవాతం - ఒక అవగాహన" అంటే ఎవరూ చదవరు. "పక్షవాతాన్ని తరిమికొట్టే రహస్యం" అంటే అందరూ చదువుతారు, ఎవరికీ ప్రయోజనం ఉండదు. "మూతి వంకరపోయిందా? మాట తడబడుతోందా? వెంటనే 108కి ఫోన్ చేయండి" అని పెట్టండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో, గడ్డను కరిగించే ఇంజక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. వ్యాసం చదవకపోయినా, ఆ ఒక్క శీర్షిక గుర్తున్న కొడుకు తండ్రిని పసరు మందులకు తిప్పకుండా సకాలంలో ఆస్పత్రికి చేరుస్తాడు.

మీలో ఆరోగ్య విషయాలు రాసేవారుంటే, శీర్షిక పెట్టాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది మాత్రమే చదివిన రోగి ఏం చేస్తాడు? జబ్బు పేరు, ఎవరికోసం రాశారో, ఏం చేయాలో శీర్షికలోనే తెలియాలి.

చదివేవారికీ ఒక మాట. "మాయం", "శాశ్వతంగా", "వారం రోజుల్లో" అన్న పదాలు కనిపిస్తే ఆఖరి వాక్యం దాకా చదవండి. చదవకుండా బంధువులకు పంపకండి. మందు మార్చాలన్నా, మానాలన్నా, ఆ మందు రాసిన డాక్టరును అడగండి.