సీటీసీలో ర్యామ్ బేరం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. అక్కడ నేను వెళ్లిన రిపేరు దుకాణంలో ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు నిలబడాల్సిందే. బల్ల మీద వెన్ను విప్పిన ల్యాప్‌టాప్‌లు, ఒక గిన్నెలో మరలు.

నాకంటే ముందు జగిత్యాల నుంచి వచ్చిన డీటీపీ ఆవిడ ఉంది. "8 జీబీ ఉంది తమ్మీ, 32 చేసెయ్యి. ఫ్లెక్స్ ఫైల్ తెరిస్తే నత్త లెక్క నడుస్తది" అంది. వేరే దుకాణమైతే వెంటనే బిల్లు రాసేవారు. ఈ రిపేరు కుర్రాడు రాయలేదు. "అక్కా, దుకాణంల రోజూ ఏమేం తెరుస్తరో అవన్నీ ఒక్కసారి తెర్వుండ్రి" అన్నాడు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. పేజ్‌మేకర్ ఒక్కటే తెరిచినప్పుడు సగం మెమరీ ఖాళీ. అది 2001 నాటి 7.0, 32 బిట్ల సాఫ్ట్‌వేర్. ఎంత ర్యామ్ పోసినా 4 జీబీ దాటి వాడుకోలేదు. ఫోటోషాప్‌లో పెళ్లి బ్యానర్, పక్కన బ్రౌజర్‌లో వాట్సాప్‌తో పాటు డజను ట్యాబ్‌లు తెరిచేసరికి మెమరీ అంచుకు చేరింది, డిస్క్ గీత నూటికి నూరు చూపించింది. ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత సరుకును డిస్క్‌లోకి తోస్తుంది. ఆవిడది ఇంకా తిరిగే హార్డ్ డిస్క్. నత్తనడక అక్కడిది.

"32 దండగ అక్కా. ఇంకో 8 వేసి 16 చేద్దాం. మిగిలిన పైసలతోని ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోండ్రి."

బ్యాటరీ తీగ ఊడదీసి, ఇనుప బల్లను ఒకసారి తాకి, రెండో స్లాట్ చూశాడు. ఖాళీగా ఉంది. పాత స్టిక్ మీది లేబుల్ చదివి డీడీఆర్4, 2666 అన్నాడు. ల్యాప్‌టాప్ డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260. గంటు చోటు కూడా వేరు కాబట్టి ఒకదాని స్థానంలో మరొకటి దిగదు. కొత్తదాన్ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాడు. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమన్నాయి. జంటగా ఉంటే రెండు దారుల్లో డేటా నడుస్తుంది, ఆ వేగం అదనం.

అతను వేసింది ఆఫీసు ల్యాప్‌టాప్‌లోంచి తీసిన సెకండ్ హ్యాండ్ స్టిక్. బంగారు పూత పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాకే అమ్ముతాడట. ఇప్పుడు అదే తెలివైన బేరం. 2025 చివరి నెలల నుంచి కొత్త ర్యామ్ ధరలు ఎగబాకాయి. తయారీదారులు తమ సరుకును ఏఐ సర్వర్లవైపు మళ్లించడమే కారణం. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది.

తర్వాత పలచని ల్యాప్‌టాప్‌తో ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంది, పెంచే దారి లేదు. అలాంటివి కొనేటప్పుడే 16 తీసుకోవాలి. విండోస్ 11కు 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ అంటుంది కానీ, ఆ నాలుగుతో విండోస్ తెరుచుకుంటుంది, పని సాగదు.

మీరూ సీటీసీ మెట్లెక్కే ముందు, పని ముమ్మరంగా ఉన్న వేళ టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఎంత వాడుతున్నారో, స్లాట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో అందులోనే ఉంటుంది. మెమరీలో పావు వంతు ఖాళీగా కనిపిస్తే ర్యామ్ కొనకండి.