కుడుకతో క్రిస్మస్ ఉండలు

ఓవెన్ అవసరం లేకుండా, పొయ్యి కూడా వెలిగించకుండా తయారయ్యే క్రిస్మస్ మిఠాయి కొబ్బరి ఉండ. ఎండుకొబ్బరి పొడి, డబ్బాలో వచ్చే చిక్కటి తీపి పాలు, నాలుగు యాలకులు ఉంటే చాలు. గులాబీ పువ్వులు, గవ్వలు, గరిజెలు వండి నూనె మూకుడు దించాక, ఇక నిలబడే ఓపిక లేనప్పుడు కూర్చుని చుట్టుకునే మిఠాయి ఇది.

సికింద్రాబాద్‌లోని మా మారేడ్‌పల్లికి ఇది బాగా అతికింది. సికింద్రాబాద్‌కు ఆ పేరు 1806లో వస్తే, కంటోన్మెంట్ వారి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటికే లేచింది. పక్కనే లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు, దాని చుట్టూ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. అందువల్ల ఇక్కడివారికి ప్లమ్ కేకు రుచి తొందరగానే తెలిసింది. ఓవెన్ మాత్రం ఇళ్లలోకి ఆలస్యంగా వచ్చింది. పిండి, వెన్న, గుడ్లు, నానబెట్టిన ఎండుపళ్లు బేకరీకి మోసుకెళ్లి, వంతు కోసం నిలబడి, కేకు కాల్పించుకుని తెచ్చుకోవడం సికింద్రాబాద్‌లో పాత అలవాటు. పైగా ఈ పేటలో గుడ్డు ముట్టని కుటుంబాలు తక్కువేమీ కాదు. పండగ పళ్లెం ఇరుగుపొరుగుకు వెళ్లాలంటే గుడ్డు లేని తీపి ఒకటి ఉండాలి. ఆ లోటు తీర్చేది కొబ్బరి ఉండే. ఈ ఒక్క కారణానికైనా దీన్ని కేకు పక్కన కూర్చోబెట్టే చిల్లర మిఠాయిగా చూడకూడదు.

పాల సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. పాలలోని నీటిని చాలావరకు ఇగరబెట్టి చక్కెర కలిపిన పదార్థం అది. అమెరికాలో గెయిల్ బోర్డెన్ 1856లో ఆ పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ పాల డబ్బాలు అమ్మే నెస్లే వ్యాపారం 1912 నుంచి మన దేశంలో ఉంది, పంజాబులోని మోగాలో 1961లో ఫ్యాక్టరీ పెట్టింది. డబ్బాలో దాదాపు సగం చక్కెరే కాబట్టి ఉండల్లో వేరే తీపి వేయనక్కర్లేదు.

అసలు ప్రశ్న కొబ్బరిది. పచ్చికొబ్బరి ఇక్కడ పనికిరాదు. అందులో దాదాపు సగం నీరే. పొయ్యి మీద పాకంలో పడి ఉడికే కొబ్బరి లౌజుకు పచ్చికొబ్బరికి మించినది లేదు. వేడి తగలని ఉండలో మాత్రం ఆ నీరే రెండో రోజుకు పులుపు తెస్తుంది. అందుకని అందరూ కొట్లో దొరికే తెల్లటి పొడి పొట్లం కొంటారు. రుచి పోయేది అక్కడే. ఆ పొట్లాల్లో కొన్నింటిలో నూనె ముందే పిండేసి ఉంటుంది. నోట్లో వేసుకుంటే రంపపు పొట్టులా పొడిపొడిగా తిరుగుతుంది తప్ప కరగదు. పాతబడిన పొడైతే సబ్బు రుచి వస్తుంది. కొబ్బరినూనెలో ఎక్కువ వాటా లారిక్ ఆమ్లానిది. తేమ తగిలి కొవ్వు విరిగినప్పుడు ఆ ఆమ్లం విడివడి సబ్బు రుచి ఇస్తుంది. పాలు ఎంత మంచివైనా, యాలకులు ఎన్ని దంచినా ఆ రుచిని కప్పలేవు.

ఇంత చక్కటి కుడుక కిరాణా కొట్లో ఉండగా పొడి పొట్లానికి చేయి చాచడం న్యాయం కాదు. ముదిరిన కాయను పీచుతో సహా అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడివడి, ఊపితే గలగలమంటుంది. పగలగొడితే గుండ్రటి గిన్నెలాంటి కుడుక బయటపడుతుంది. గానుగకు పోయే కొబ్బరి వేరు, ఈ తినే కొబ్బరి వేరు. ప్రభుత్వం మద్దతు ధర కూడా రెండింటికీ విడివిడిగా ప్రకటిస్తుంది. కోనసీమలో అంబాజీపేట, కర్ణాటకలో తిప్టూరు ఈ వ్యాపారానికి పేరున్న ఊళ్లు. తెలంగాణలో కుడుక లేని శుభకార్యం ఉండదు. ఒడిబియ్యంలో కుడుక ఉండాలి. హోలీకి పిల్లల మెళ్లో చక్కెర పేర్ల దండ వేసి చేతిలో కుడుక పెడతారు. ఇన్ని పండగల్లో తిరిగిన కుడుక క్రిస్మస్ పళ్లెంలోకి రావడానికి అడ్డేముంది? సికింద్రాబాద్ మోండా మార్కెట్ దాకా వెళితే ఒక్కొక్కటీ ఏరుకోవచ్చు. లోపలి వైపు తెల్లగా, బూజు మచ్చ లేకుండా ఉండాలి. గోరుతో నొక్కితే నూనె చెమ్మ తగలాలి. వాసనకు కమ్మగా ఉండాలి. కొట్టువాడు విసుక్కున్నా సరే, వాసన చూడకుండా కొనకూడదు.

వెనక గోధుమరంగు తొక్కను చాకుతో గీసి తీసేయాలి. తురుముపీట మీద తురిమితే మంచిది. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి, ఏకబిగిన తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. 400 గ్రాముల పాల డబ్బాకు దాదాపు 300 గ్రాముల పొడి పడుతుంది. పాలు ఒక్కసారే గుమ్మరించకుండా, ముద్ద చేతికి నిలిచేదాకా కొద్దికొద్దిగా పోయాలి. యాలకుల పొడి, జీడిపప్పు పలుకులు కలిపి, చేతికి నెయ్యి రాసుకుని చుట్టి, పక్కన ఉంచుకున్న పొడిలో దొర్లించాలి. గులాబీ రంగు కావాలంటే గులాబీ షర్బత్ రెండు చుక్కలు చాలు. బీట్‌రూట్ రసం ముద్దను పలుచన చేస్తుంది.

ఉండ గట్టిపడటానికి ఈ ఊరి చలి సాయపడుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో ఇక్కడ రాత్రి వేడి అంతకన్నా బాగా కిందికి దిగుతుంది. స్నానాల గదిలో నూనె సీసా బిగుసుకునే రోజులే ఉండలు బిగుసుకునే రోజులు. పళ్లెం మీద పలుచటి గుడ్డ కప్పి రాత్రంతా వదిలేస్తే కారల్స్ బృందం గుమ్మంలోకి వచ్చేసరికి పంచడానికి సిద్ధంగా ఉంటాయి. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. ఈ క్రిస్మస్‌కు పొడి పొట్లం కొనకండి, కుడుకలు కొనండి.