కుళాయిలోకి రాని బుగ్గ

‘స్పా’ అన్న మాట బెల్జియంలోని ఒక ఊరి పేరు నుంచి పుట్టింది. అనువాదంలో అది ఎదురైనప్పుడల్లా నాకు జేన్ ఆస్టిన్ నవలల్లోని బాత్ నగరమే మనసులో మెదిలేది. 2018 శీతాకాలంలో, మోకాళ్ల నొప్పులతో నిద్రకు దూరమైన మా అమ్మను మహారాష్ట్రలోని వజ్రేశ్వరికి తీసుకువెళ్లాను. 1739లో పోర్చుగీసువారి నుంచి వసాయి కోటను గెలిచిన చిమాజీ అప్పా మొక్కు చెల్లించి కట్టించిన ఆలయం అక్కడే ఉంది.

మేము దిగిన పాత వసతిగృహం ‘గదిలోనే గంధకజలం’ అని ప్రకటించుకున్నది. గోడలు పెచ్చులూడి ఉన్నాయి. తొట్టి తుప్పు పట్టింది. కుళాయిలో వచ్చినవి చన్నీళ్లు. గొట్టం పూడిపోయి ఏళ్లయిందన్నాడు పనివాడు. అద్దె మాత్రం పూర్తిగా పుచ్చుకున్నారు.

మర్నాడు తాన్సా నది ఒడ్డున ఉన్న అక్లోలి గుండాలకు వెళ్లాము. వాననీరు రాతి పగుళ్ల గుండా లోతుకు ఇంకి, భూగర్భంలో కాగి, అక్కడ తిరిగి పైకి ఉబుకుతుంది. భివండీ మరమగ్గాల ఇళ్ల నుంచి వచ్చిన తెలుగు స్త్రీలు మా మాటలు విని దగ్గరకు వచ్చారు. “మెల్లగ దిగు అవ్వా” అంటూ అమ్మను చేయిపట్టి మెట్లు దింపారు.

వేడినీళ్లు అరిగిన కీళ్లను బాగుచేయలేవు. బిగిసిన కండరాలకు కొంత ఊరటనివ్వగలవు, అంతే. ఆ రాత్రి అమ్మ నన్ను ఒక్కసారి కూడా లేపలేదు.