నాలుగింటిలో ఒక్కటి

పఠనావగాహన పరీక్షలలో ఒక గద్యభాగమును, దాని క్రింద కొన్ని ప్రశ్నలను, ఒక్కొక్క ప్రశ్నకు నాలుగేసి సమాధానములను ఇచ్చుచుందురు. సరియైనది కన్నుల యెదుటనే యుండును. అయినను తెలివిగల విద్యార్థులును పొరపడుచుందురు. కోనసీమలో కాలువగట్టున నున్న యొక పాఠశాలలో ఒక బాలునికి అట్లే జరిగెను.

అతడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. తండ్రి కూలిపని చేయుచుండెను. ఉపకారవేతనము లభించిననే పైచదువు సాగును. అందుచే పరీక్షకు ముందు ఉపాధ్యాయుడు అతనిచేత దినమున కొక పాఠము చదివించుచుండెను.

ఒకనాటి పాఠము ధవళేశ్వరము ఆనకట్టను గూర్చినది. గోదావరి నీరు సముద్రము పాలగుచుండగా పొలములు వేళకు నీరందక యెండుచుండెననియు, వానిని తడుపుటకై ఆర్థర్ కాటన్ నదికి అడ్డముగా ఆనకట్ట కట్టించెననియు, ఆ పని 1847వ సంవత్సరమున ఆరంభమై 1852లో ముగిసెననియు అందుండెను. “పాఠమును బట్టి, ఆనకట్ట యెందుకు కట్టబడెను?” అనునది ప్రశ్న. పనిని ఐదేండ్లలో ముగించుటకు, వరదలు మరెన్నడును రాకుండుటకు, కాలువలలో పడవలు నడుపుటకు, పొలములకు వేళకు నీరందించుటకు అనునవి నాలుగు సమాధానములు.

బాలుడు మూడవదానిని గుర్తించెను. ఉపాధ్యాయుడు కారణమడిగెను.

“మాస్టారూ! మా ముత్తాత ఈ కాలువలోనే ధాన్యపు పడవ నడిపెనట. అది అబద్ధమా?”

“అబద్ధము కాదు నాయనా! ఈ కాలువలలో పడవలు నడచిన మాట నిజమే. ఆ మాట పాఠములో ఎచ్చటనున్నదో వ్రేలుపెట్టి చూపుము.”

బాలుడు మొదటినుండి తుదివరకు వెదకెను. వ్రేలు ఎచ్చటను నిలువలేదు.

పిదప ఇరువురును మిగిలినవానిని పరిశీలించిరి. ఐదేండ్ల లెక్క పాఠమునుండి వచ్చినదే. కాని అది ‘ఎంతకాలము’ అను ప్రశ్నకు చెల్లును, ‘ఎందుకు’ అనుదానికి చెల్లదు. వరదల ప్రసక్తియే పాఠములో లేదు. పైగా ‘మరెన్నడును’ అనునది మిక్కిలి పెద్దమాట. అట్టి మాట కనబడినపుడు, రచయిత అంతమాట అనెనా యని తిరిగి చూడవలెను.

“మూడును పోయినవి. ఇక నాలుగవదే గదా?” అని బాలుడు తొందరపడెను.

“మిగిలినంతమాత్రమున సరిపోదు. దానికిని సాక్ష్యము కావలెను” అని ఉపాధ్యాయుడనెను. ఈసారి వ్రేలు పొలములను తడుపుట యను మాటలకడ నిలిచెను.

అయినను బాలుని ముఖము చిన్నవోయియే యుండెను. “అయితే మా ముత్తాత మాట కొట్టివేయవలసినదేనా?” అని మెల్లగా అడిగెను.

“కొట్టివేసినది సమాధానమును మాత్రమే. మీ ముత్తాత మాట వేరొక ప్రశ్నకు సమాధానము. ఆ ప్రశ్నను ఇప్పుడే యడిగెదను” అని ఉపాధ్యాయుడు నల్లబల్లపై ‘మా ఊరి కాలువ’ అని వ్రాసెను. నాడు ఆ బాలుడు గంట మ్రోగిన పిదపగూడ వ్రాయుచునేయుండెను.

ఇతరుల మాట చదువునపుడు మనకు తెలిసినదానిని కొంతసేపు ప్రక్కన నుంచుట కష్టము. తెలిసినది ఎక్కువైనకొలది కష్టమును ఎక్కువ. వేతనపు పరీక్షనాడు ఆ బాలుడు ప్రతి సమాధానమును గుర్తించుటకు ముందు, పాఠములోని పంక్తులపై వ్రేలు నడుపుచుండెను.